చేప దొరికే చోటు ఎవరిది?

“ఏం మావా, ఎక్కడ పడ్డాది?”

“అదే, అటేపు.”

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో తెల్లవారుజామున ఇటువంటి సంభాషణ తెలుగులో, అదీ ఉత్తరాంధ్ర యాసలో వినిపించడం స్థానికులకు వింత కాదు. గంపలో వంజరం నిగనిగలాడుతూ ఉంటుంది. అది ఏ నీటిలో దొరికిందో చెప్పవలసిన నోరు మాత్రం దిక్కు దగ్గరే ఆగిపోతుంది. ‘అటేపు’ అన్న మాటలో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. అడిగినవాడు నొచ్చుకోడు, రేపు తనను అడిగినా అదే జవాబు చెబుతాడు. చేప దొరికే చోటు జాలరికి ఆస్తి. దస్తావేజు లేని ఆస్తి కనుక మౌనమే దానికి కంచె.

అండమాన్ అనగానే తెలుగు పాఠకుడికి సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. రంప తిరుగుబాటు ఖైదీలు నడిచిన నేల కనుక ఆ స్మృతికి న్యాయం ఉంది. కానీ ఆ దీవులలోని తెలుగు సమాజానికి మూలం జైలు కాదు, వల. స్వాతంత్య్రం వచ్చిన తరువాతి దశాబ్దాల్లో ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలను ఆంధ్ర తీరం నుంచీ కేరళ నుంచీ తీసుకువెళ్ళి అక్కడ స్థిరపరచింది. వారి వెనుక బంధువులు, బంధువుల వెనుక కూలీలు, చిన్న వర్తకులు ఓడలెక్కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అంటే దాదాపు 50 వేల మంది. పోర్ట్ బ్లెయిర్ పురపాలక సంఘంలోని 24 వార్డుల్లో తెలుగుదేశం పార్టీ 2022లో 2 గెలుచుకోవడం, 2023 మార్చిలో భారతీయ జనతా పార్టీ మద్దతుతో ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి అధ్యక్ష పీఠం అధిష్ఠించడం ఇక్కడి పత్రికల్లో ఒకరోజు విశేషంగా వచ్చి వెళ్ళిపోయాయి. ఆ అధికారం ఎంతదో ఆనాడు ఎవరూ పెద్దగా రాయలేదు. పురపాలక సంఘం వీధి దీపాల గురించి తీర్మానించగలదు. సముద్రం గురించి తీర్మానించలేదు. దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో స్థానం ఒక్కటే. పాలన లెఫ్టినెంట్ గవర్నరుది, అంటే ఢిల్లీది.

ఆంధ్ర తీరపు జాలరి 1,200 కిలోమీటర్లు దాటి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న విద్యలో సగం ఇక్కడ చెల్లలేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు వల్ల అక్కడి తీరజలాలు బురదగా, చాలా దూరం వరకు లోతు తక్కువగా, రొయ్యకు అనువుగా ఉంటాయి. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. తీరం నుంచి కొద్ది దూరంలోనే సముద్రం జారుడుగా లోతెక్కుతుంది. నీరు అద్దంలా కనిపిస్తుంది. అద్దంలాంటి నీరంటే మేత తక్కువగా ఉన్న నీరని అర్థం. అడుగున ఇసుక బదులు రాయి, పగడం. అక్కడ అడుగు వల లాగితే చిరిగేది వలే. కాబట్టి చేప అంతటా పలచగా పరచుకొని ఉండదు. అక్కడక్కడ ముద్దగా ఉంటుంది. పగడపు దిబ్బ అంచున, రెండు దీవుల నడుమ నీరు ఒరుసుకుపోయే ఇరుకున, లోతులోంచి లేచి వచ్చి పైకి కనిపించకుండా ఆగిపోయిన రాతి మెట్ట మీద. ఆ ‘అక్కడక్కడ’ను కనిపెట్టడమే ఈ దీవులలో చేపల వేట, మిగిలిందంతా నూనె ఖర్చు.

చెరువు గట్టున కూర్చొని గేలం వేసే తెలుగు అలవాటుకు కూడా ఇక్కడ ఆస్కారం తక్కువ. పోర్ట్ బ్లెయిర్ దాహం తీర్చే ధనిఖరి జలాశయం, ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ నది మీది ఆనకట్ట వంటివి తప్ప చెప్పుకోదగిన మంచినీటి విస్తీర్ణాలు లేవు. పెరటి కుంటల్లో పెంచే శీలావతి, బొచ్చె ప్రధాన భూభాగం నుంచి వచ్చిన చేపలే. అయితే 2004 డిసెంబరు 26 దీవులకు ఒక చిత్రమైన సరస్సును ఇచ్చింది. ఆనాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ పక్కనే ఉన్న సిప్పిఘాట్‌లో వరి పండిన పొలాల్లోకి సముద్రపు నీరు వచ్చింది. వచ్చిన నీరు తిరిగి పోలేదు. నాటి నుంచి రోజుకు రెండుసార్లు పోటు ఆ పొలాల మీదికి ఎక్కి దిగుతోంది. రైతు పోయినచోట కొంగలు, ఉల్లంకులు చేరాయి. ఉప్పు, తీపి కలిసిన నీటిని ఇష్టపడే చేపలూ చేరాయి. ఇప్పుడు రోడ్డు గట్టు మీద నిలబడి గేలం వేసేవారికి అది మంచి చోటు. మునిగిన పొలం మీది నీటిలో ఈదే చేప ఎవరిదని మాత్రం ఎవరినీ అడగకూడదు. జవాబు చెప్పడానికి రెవెన్యూ వారూ మత్స్యశాఖ వారూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. ఉత్తర అండమాన్‌లో అదే భూకంపం నేలను పైకెత్తింది. తరతరాల పగడాలు నీటిపైకి తేలి ఎండలో చచ్చి తెల్లబడ్డాయి. ఒకే ఉదయం కొందరి చోట్లు పుట్టాయి, కొందరివి చచ్చాయి.

సముద్రం మీద చోటు గుర్తుపెట్టుకునే విద్య సూత్రంగా సులభం, ఆచరణలో జీవితకాలపు చదువు. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా పడవను నిలిపితే ఒక గీత దొరుకుతుంది. మరో దిక్కున ఇంకో రెండు గుర్తులు కలిస్తే రెండో గీత. రెండు గీతలు ఖండించుకున్నచోట రాయి వదిలితే, కింద రాతి మెట్ట తగలాలి. హారియట్ కొండ వంటి శిఖరం, పాత 20 రూపాయల నోటు వెనుక కనిపించిన నార్త్ బే దీపస్తంభం వంటి కట్టడం, ఏదో దీవి కొసన ఒంటరిగా నిలిచిన చెట్టు, ఇవన్నీ ఆ చదువులో అక్షరాలు. చెట్టు కూలితే పాఠం మార్చుకోవాలి. సునామీలో ఒడ్డున చెట్లు వరసలు వరసలుగా పోయినప్పుడు ఎన్ని పాఠాలు చెరిగిపోయాయో లెక్క లేదు.

చోటు తెలియడం సగమే. అమావాస్య, పౌర్ణమి పోట్లలో ఇరుకుల్లో నీటి వేగం పెరుగుతుంది. ఆ వేగంలో కొన్ని చేపలు మేతకు లేస్తాయి, కొన్ని రాళ్ళలో దాక్కుంటాయి. పోటు తిరిగే ముందు నీరు క్షణం నిలిచే వేళకు గేలం దిగి ఉండాలి. పక్షులు నీటిమీద పడి లేస్తుంటే కింద చిన్నచేపల గుంపు, దాని కింద ట్యూనా. నీటి రంగు నీలం నుంచి పచ్చకు మారే అంచు కనబడితే దాని వెంట పోవాలి. మడ అడవుల కాలువల్లో పండుగప్ప దొరుకుతుంది. ఉప్పునీటి మొసలీ దొరుకుతుంది. ఇది తమాషాకు అన్నమాట కాదు. చట్టం అత్యున్నత రక్షణ ఇచ్చిన ఆ జంతువు కాలువలో తన చోటును ఎవరితోనూ పంచుకోదు.

ఇంత జాగ్రత్తగా దాచుకున్న విద్యకు హైదరాబాదు నుంచి ఒక పోటీదారు వచ్చాడు. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ఉపగ్రహాల సాయంతో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ నీటిలోని పత్రహరితాన్నీ కొలిచి, చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే అంచులను గుర్తించి, చేపలు ఉండగల ప్రాంతాలంటూ సూచనలు విడుదల చేస్తుంది. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు, అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత. అండమాన్ నికోబార్ తీరం ఆ సేవలో ప్రత్యేక విభాగం. జాలరి ‘అటేపు’ అన్న మాటకు ప్రభుత్వం దశాంశ బిందువులతో సహా పలికిన రూపం ఇది. ఉపయోగపడదని అనడం అన్యాయం. విశాల జలాల్లో తిరిగే చేపలను వెతికే పడవకు అది నూనె, సమయం ఆదా చేస్తుంది. కానీ పగడపు దిబ్బ మీది గ్రూపర్‌ను ఉపగ్రహం చూడలేదు. వర్షాకాలపు మేఘాలు కమ్మితే ఉష్ణోగ్రతను కొలిచే ఆ కన్ను మూసుకుపోతుంది. ఈ రెండింటికంటే ముఖ్యమైన మూడో సంగతి ఉంది: ఆ సూచన అందరిదీ. పది పడవలు ఒకే బిందువుకు చేరితే చోటు పంట కాదు, పందెం అవుతుంది.

పగడపు దిబ్బల విషయంలో ఆ పందెం ప్రాణాంతకం. గ్రూపర్ జాతుల్లో చాలావాటికి పెరుగుదల నెమ్మది. మొదట ఆడగా ఉండి, ఏళ్ళు గడిచాక వాటిలో కొన్నే మగగా మారతాయి. పెద్ద చేపలను ఏరి పట్టేస్తే మగచేపలే మిగలవు. గుడ్లు పెట్టే కాలంలో అవి ఒకేచోట గుమిగూడతాయి. ఆ చోటూ ఆ తిథీ తెలిసినవాడు ఒక్క వారంలో దిబ్బను ఖాళీ చేయగలడు. దూరదేశాల మార్కెట్టులో ధర పలికే చేప అయినప్పుడు ఆ ఒక్క వారం చాలా ఆకర్షణీయం. 2010లోనూ 2016లోనూ వేడెక్కిన నీటిలో పగడాలు తెల్లబోయిన దిబ్బలకు ఆ దెబ్బ అదనం. జాలరి మౌనం స్వార్థం నుంచే పుట్టి ఉండవచ్చు. దిబ్బను కాచింది చాలాకాలం ఆ స్వార్థమే.

సొంత తీరంలో ఈ సమస్యకు తెలుగువారికీ తమిళులకూ తెలిసిన మరో పరిష్కారం ఉంది. పులికాట్ సరస్సులో, ముఖ్యంగా దాని దక్షిణ భాగంలో, ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అందరికీ తెలుసు. వాటిని వంతులవారీగా, చీటీలు వేసి పంచుకుంటారు. నేడు మంచి చోటు వచ్చినవాడికి రేపు మామూలు చోటు వస్తుంది. దాచవలసిన అవసరం లేదు, ఎందుకంటే హక్కు చోటుకు కాదు, వంతుకు. దీనిని ఆదర్శంగా కీర్తించడానికి తొందరపడనక్కరలేదు. వంతు ఎవరికుంది, ఎవరికి లేదు అన్నది కులం నిర్ణయించింది, వంతు లేనివారు దశాబ్దాలుగా దానిని ప్రశ్నిస్తూనే ఉన్నారు. అయినా చోటు బహిరంగమైతేనే దాని మీద తగవు తీర్చగలమన్న గ్రహింపు అందులో ఉంది. అండమాన్‌లో అది పాదుకోలేదు. సముద్రం కొత్తది; తెలుగు, బెంగాలీ, మలయాళీ, తమిళ జాలరుల కలగలుపు కొత్తది; పెద్దలు ఊళ్ళో ఉండిపోయారు. కుటుంబాలు ఓడెక్కాయి గాని కట్టుబాట్లు ఎక్కలేదు.

ఆ ఖాళీలోకి రాజ్యం గీతలతో వచ్చింది. 1983లో వండూరు వద్ద ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 281 చదరపు కిలోమీటర్లు. 1996లో రిచీ ద్వీపసమూహంలో రాణీ ఝాన్సీ ఉద్యానం. గీతలు గీసేటప్పుడు ఆ నీటిలో ఎవరి చోట్లు ఉన్నాయని అడిగి ఉంటే జాలరులు చెప్పి ఉండేవారా? బహుశా చెప్పేవారు కాదు. అడిగే అలవాటు ప్రభుత్వానికీ లేదు, చెప్పే అలవాటు జాలరికీ లేదు. దానితో నిన్నటి వేటచోటు నేటి నేరస్థలమైంది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు కాంటూరు రేఖకు ఇటూ అటూ నిలిచి వాదులాడిన గ్రామాలకు ఈ అనుభవం కొత్త కాదు. అక్కడ కనీసం నేల కొలతలు, పట్టాలు, ఓట్లు ఉన్నాయి. నీటి మీద గీత ఎక్కడుందో జీపీఎస్ చూస్తే గాని తెలియదు.

గీతలన్నీ ఒకే రకమైనవి కావు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద జారవా ప్రాంతం, ఉత్తర సెంటినెల్ దీవి, వాటిని అంటిన తీరజలాలు బయటివారికి నిషిద్ధం. వలలు పడని నీరు కనుక అక్కడ చేప, పీత సమృద్ధి. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు. 2006 జనవరిలో పీతల కోసం వెళ్ళిన ఇద్దరు జాలరులు రాత్రి పడవ కొట్టుకుపోయి ఉత్తర సెంటినెల్ ఒడ్డు తగిలి, అక్కడివారి చేతిలో మరణించారు. 2018లో ఒక అమెరికన్ మతప్రచారకుడిని డబ్బు తీసుకొని ఆ దీవికి చేర్చిన జాలరులు అరెస్టయ్యారు. ఆయన తిరిగి రాలేదు. ఈ గీత విషయంలో తటస్థంగా ఉండటానికి వీల్లేదు. సెంటినెలీలకు ఆ నీరు వేటచోటు కాదు, వంటిల్లు. జారవాలకూ అంతే. వలస వచ్చిన జాలరి ఎంత పేదవాడైనా, ఆ కుండలో చెయ్యి పెట్టే హక్కు అతనికి లేదు. తన చోటును ఇతరులు కొల్లగొట్టడం అన్యాయమని వాదించే తెలుగు జాలరి, ఆ వాదాన్ని తన పడవ ముక్కు పడమటి తీరం వైపు తిరిగినప్పుడు కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది. సముద్రదోసకాయల కోసం మయన్మార్ నుంచి వచ్చే దొంగ పడవలను చూపి ఇక్కడివారు తమ చొరబాటును చిన్నది చేసుకోవడం ఉంది. చొరబాటు చొరబాటే.

ఇంత కచ్చితంగా గీతలు గీసే ప్రభుత్వమే మరోచోట గీతను ఎంత సునాయాసంగా చెరపగలదో గ్రేట్ నికోబార్‌లో కనిపిస్తుంది. తోలుతాబేళ్ళు గుడ్లు పెట్టే గలాథియా బే అభయారణ్యాన్ని 2021 జనవరిలో ఆ హోదా నుంచి తప్పించారు. అక్కడ ఓడల నుంచి ఓడలకు సరుకు మార్చే మహా రేవు రావాలి. దానితోపాటు విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం. అంచనా సుమారు 72 వేల కోట్ల రూపాయలు, మళ్ళించే అడవి 130 చదరపు కిలోమీటర్లు. 2022లో పర్యావరణ అనుమతి లభించింది. వండూరులో వల వేసిన జాలరికి పగడాల ప్రాముఖ్యం బోధించిన నోరే గలాథియాలో పగడాలను మరోచోటికి తరలించి నాటవచ్చునని చెప్పింది.

ఆపైన సముద్రం. ఈ దీవుల చుట్టూ ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్లు, దేశం మొత్తంలో ఇంచుమించు 30 శాతం. 2025–26 కేంద్ర బడ్జెట్ ప్రసంగం అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లపై ప్రత్యేక దృష్టితో లోతు సముద్రపు చేపల వేటకు కొత్త విధానం ప్రకటించింది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇచ్చాయి, యాంత్రిక పడవలకు ఆన్‌లైన్ అనుమతి పత్రం తప్పనిసరి చేశాయి, చిన్న జాలరులను ఆ పత్రం నుంచి మినహాయించాయి. కాగితం మీద ఇది మెచ్చుకోదగినదే. అనుమతి అక్కరలేకపోవడం వేరు, హక్కు ఉండటం వేరు. అడవి మీద ఆధారపడినవారి హక్కును గుర్తించడానికి 2006లో చట్టం వచ్చింది. సముద్రంలో చేపలచోటు మీద చిన్న జాలరి సంప్రదాయ హక్కును గుర్తించే అటువంటి జాతీయ చట్టం లేదు.

2024 నవంబరులో కేంద్ర గనుల శాఖ దేశంలో తొలిసారి సముద్రగర్భ ఖనిజ బ్లాకులను వేలానికి పెట్టింది. మొత్తం 13లో 7 గ్రేట్ నికోబార్‌కు ఆవల ఉన్న జలాల్లోనివి. వెతుకుతున్నది బహులోహ ఖనిజ ముద్దలు, పొరలు. ఆ పొరలు సాధారణంగా సముద్రంలో మునిగి ఉన్న పర్వతాల మీద పేరుకుంటాయి. ట్యూనా గుమిగూడేదీ అటువంటి పర్వతాల పైనున్న నీటిలోనే. అదే వేలంలో కేరళ తీరపు ఇసుక బ్లాకులూ ఉన్నాయి. కొల్లం జాలరులు తమ వేటచోటు పేరు చెప్పి, అది ఎక్కడుందో వేలెత్తి చూపి వీధికెక్కారు. కేరళ శాసనసభ తీర్మానం చేసింది. అండమాన్‌కు తీర్మానం చేయడానికి శాసనసభ లేదు.

ఇక్కడే జంగ్లీఘాట్ మౌనం దానినే కొరుకుతుంది. ఫలానా మెట్ట మీద మా తాతల నుంచి వేట ఉందని చెప్పాలంటే ఆ మెట్ట ఎక్కడుందో చెప్పాలి. చెబితే రేపటి నుంచి అక్కడికి పది పడవలు వస్తాయి, గేలపు వేట కోసం డబ్బు కట్టే పర్యాటకులను ఎక్కించుకొని వేగపు బోట్లూ వస్తాయి. చెప్పకపోతే అధికార పత్రాల్లో ఆ నీరు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ నీటికి వేలం అడ్డు లేదు. చోట్లను జాలరుల సహకార సంఘమే నమోదు చేసి, తన వద్దనే గోప్యంగా ఉంచుకొని, బ్లాకు గీసే ముందు, ఉద్యానం ప్రకటించే ముందు ప్రభుత్వం ఆ సంఘాన్ని సంప్రదించవలసిందేనన్న నిబంధన పెట్టడం అసాధ్యమేమీ కాదు. దానికి ముందు తెలుగు, బెంగాలీ, మలయాళీ, తమిళ పడవలు ఒకరి చోటును ఒకరు గౌరవించే వంతు కట్టు ఒకటి తమలో తాము కుదుర్చుకోవాలి. పురపాలక పీఠం దాకా వచ్చిన తెలుగు రాజకీయం పెట్టుకోదగిన పని ఇది. ప్రస్తుతానికి ఆ 7 బ్లాకుల హద్దులు అక్షాంశ రేఖాంశాలతో సహా అచ్చయి ఉన్నాయి. వాటి కిందా పైనా ఎవరి చేపల చోట్లు ఉన్నాయో చెప్పే కాగితం ఒక్కటీ ఆ దస్త్రంలో లేదు.